ఆర్క్‌పైతో కావలసిన ఫీల్డ్‌లే ఎక్స్‌పోర్ట్: కొన్నేళ్ల వాడకం తర్వాత

భూకమతాల టేబుల్ తెరిస్తే ఫీల్డ్‌లు (నిలువు వరుసలు) పదుల్లో ఉంటాయి. అడిగేవాళ్లకు కావలసింది మాత్రం సర్వే నంబరు, గ్రామం, విస్తీర్ణం, భూమి రకం. అవి మాత్రమే తీసివ్వడానికి ఆర్క్‌పైలో, అంటే ఆర్క్‌జీఐఎస్ మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌ని పైథాన్ కోడ్‌తో నడిపే లైబ్రరీలో, దారులు చాలా ఉన్నాయి. పాత ఆర్క్‌మ్యాప్ 10.1 రోజుల నుంచి ఇప్పటి ఆర్క్‌జీఐఎస్ ప్రో దాకా దాదాపు అన్నీ వాడాను. రోజువారీ పనికి నేను నమ్ముకున్నది ఆర్క్‌పైలోని డీఏ (డేటా యాక్సెస్) మాడ్యూల్‌లో ఉన్న సెర్చ్‌కర్సర్‌నే. అది టేబుల్‌ని ఒక్కో రికార్డుగా చదివి ఇస్తుంది.

ఫీల్డ్ పేర్లు ఏ వరుసలో రాసిస్తే విలువలు ఆ వరుసలోనే వస్తాయి. వాటిని పైథాన్ సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) మాడ్యూల్‌కి అందిస్తే పదిలైన్లలో పనైపోతుంది. మ్యాప్‌లో కొన్ని పార్సిళ్లు (భూమి ముక్కలు) సెలెక్ట్ చేసి ఆ లేయర్‌నే ఇస్తే ఆ రికార్డులే వస్తాయి. పేర్ల బదులు, అన్ని ఫీల్డ్‌లూ కావాలని చెప్పే స్టార్ గుర్తు (*) మాత్రం పెట్టకండి. పెద్ద టేబుల్ మీద నెమ్మదిస్తుంది, పైగా రేపు ఎవరైనా యజమాని ఫోన్ నంబరు ఫీల్డ్ కలిపితే అదీ చెప్పాపెట్టకుండా బయటికి పోతుంది.

డొమైన్ (కోడ్‌లు, వాటి పేర్ల జాబితా) ఉన్న ఫీల్డ్ అయితే కర్సర్ కోడ్ మాత్రమే ఇస్తుంది. మెట్ట, మాగాణి అని కనిపించాలంటే లిస్ట్‌డొమైన్స్‌తో కోడ్‌కి పేరు మనమే జతచేయాలి. ఈ పని లైబ్రరీయే చేసిపెడితే ఎంత బాగుండేదో!

ఏ ఫీల్డ్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఫీల్డ్‌మ్యాపింగ్స్ అంటే నాకిప్పటికీ విసుగే. టేబుల్‌ని దానికి చేర్చాలి, అక్కర్లేని ఫీల్డ్‌లు ఒక్కొక్కటే తీసేయాలి. ఒకటి తీయగానే మిగతావాటి ఇండెక్స్‌లు జరిగిపోతాయి కాబట్టి ప్రతిసారీ పేరుతో వెతకాలి. నాలుగు ఫీల్డ్‌లకు ఇంత తతంగమా? అయితే జియోడేటాబేస్‌లోకే (ఆర్క్‌జీఐఎస్ సొంత డేటాబేస్) పంపుతూ రెండు ఫీల్డ్‌లను కలిపి ఒకటి చేయాలంటే అదే దిక్కు. ఊరికే కొన్ని ఫీల్డ్‌లు వదిలేయడానికైతే టేబుల్ వ్యూ (టేబుల్‌కి తాత్కాలిక రూపం) తయారుచేసేటప్పుడు ఫీల్డ్‌ఇన్‌ఫోలో వాటిని దాచి, కాపీ రోస్ టూల్ నడిపితే చాలు. ఎందుకో దీన్ని తక్కువమంది వాడతారు.

టేబుల్‌ని నమ్‌పై (పైథాన్‌లో లెక్కల లైబ్రరీ) అర్రేగా మార్చే దారి వేగంగా ఉంటుంది గానీ పూర్ణాంకాల ఫీల్డ్‌లో ఖాళీ కనబడితే ఎర్రర్ ఇస్తుంది. ఖాళీకి బదులు ఏ విలువ వేయాలో ముందే చెప్పాలి. అక్కడ సున్నా వేస్తే, నమోదు కాని విలువ సున్నాగా లెక్కలోకి వచ్చేస్తుంది.

అసలు టెన్షన్ ఫైల్ చేతులు మారాక మొదలవుతుంది. సర్వే నంబరు 12/3ని సీఎస్‌వీ నుంచి నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే మార్చి 12 అయి కూర్చుంటుంది. అందుకే సర్వే నంబర్లున్న టేబుల్‌ని టేబుల్ టు ఎక్సెల్ టూల్‌తో ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ (ఎక్సెల్ ఫైల్) గానే ఇస్తాను. టెక్స్ట్ ఫీల్డ్ టెక్స్ట్‌గానే ఉంటుంది. సీఎస్‌వీయే కావాలంటే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని రాయాలి, లేకపోతే తెలుగు ఊర్ల పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు. డీబీఎఫ్ అనే పాత టేబుల్ ఫైల్ జోలికి వెళ్లను, ఫీల్డ్ పేర్లను 10 అక్షరాలకు కత్తిరిస్తుంది.

లైసెన్స్ లేని మెషీన్‌లో ఆర్క్‌పై ఇంపోర్ట్ కూడా కాదు. అలాంటిచోట ఓజీఆర్‌టూఓజీఆర్ అనే ఉచిత కమాండ్‌లైన్ టూల్‌కి సెలెక్ట్ ఆప్షన్ ఇచ్చి ఒకే కమాండ్‌తో కానిచ్చేస్తాను.