మంచినీటి ఆల్చిప్పల రెసిన్ నమూనాల పెట్టె: కీలు దగ్గర ఉత్తమం, కరదీపిక దగ్గర నిరాశ

యూరప్ నదుల్లోనూ చెరువుల్లోనూ ఉండే అయిదు జాతుల మంచినీటి ఆల్చిప్పలను రెసిన్‌తో పోతపోసి, ప్రతి జాతికీ ఎడమ, కుడి చిప్పలను విడివిడిగా అమర్చిన పెట్టె ఇది. యూనియో పిక్టోరమ్, యూనియో ట్యూమిడస్, అనొడోంటా సిగ్నియా, అనొడోంటా అనటీనా, మార్గరిటిఫెరా మార్గరిటిఫెరా ఇందులో ఉన్నాయి. వీటిలో తరచుగా కనిపించే యూనియో పిక్టోరమ్‌ను చిప్పను బట్టి గుర్తుపట్టడం నేర్పడమే పెట్టె ముఖ్యోద్దేశం కనుక, ఆ పనిని ఎంత బాగా చేస్తుందన్న దృష్టితోనే దీనిని పరిశీలించాను. అసలు చిప్పలు దొరుకుతుండగా పోతలు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. జర్మనీలో స్థానిక యూనియో, అనొడోంటా జాతులకు చట్టరక్షణ ఉంది. బ్రిటన్‌లో మార్గరిటిఫెరాకు 1998 నుంచి పూర్తి రక్షణ ఉంది. నీటిలోంచి ఏరి తెచ్చి అమ్మే చిప్పలకన్నా పోతలే నయమన్నది నా అభిప్రాయం.

పెట్టెలో మెచ్చుకోవలసినది కీలు భాగం, అంటే రెండు చిప్పలూ కలిసే చోటు. శిఖరం, అంటే చిప్పలో అన్నిటికన్నా ముందుగా పెరిగిన ఉబ్బెత్తు భాగం, పైకి ఉండేలా పట్టుకుని, దానికి దగ్గరగా ఉన్న పొట్టి కొనను మనకు దూరంగా, అవతలివైపుకు ఉంచితే, ఎడమ చిప్ప ఎడమచేతి వైపు వస్తుంది. ఇప్పుడు పిక్టోరమ్ ఎడమ చిప్ప లోపలి అంచును భూతద్దంతో చూస్తే, శిఖరం కింద పొట్టి పళ్ళు (చిప్పలు ఒకదానిలో ఒకటి కూర్చునేందుకు ఉండే గట్లు), వాటి వెనుక అంచు పొడవునా సాగే రెండు సన్నని పక్క పళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. కుడి చిప్పలో పక్క పన్ను ఒక్కటే. అది ఎడమవైపు రెంటి మధ్యనున్న సందులోకి గాడిలో జారే తలుపులా కూర్చుంటుంది. రెండు పోతలనూ కలిపి నొక్కితే ఈ అమరిక వేలికి తెలిసేంత కచ్చితంగా ఉంది. ఆ తరువాత మార్గరిటిఫెరాను తెరిస్తే శిఖరం కింది పళ్ళు ఉంటాయి కాని, పక్క పళ్ళు ఉండవు. అనొడోంటా రెండు జాతులలోనూ ఏ పళ్ళూ లేక కీలు అంచు నున్నగా ఉంటుంది. ఈ మూడు రకాల కీళ్ళనూ ఒకసారి చేత్తో తడిమినవారు ఆపైన ఆకారాన్ని చూసి తొందరపడరు. ఒకే జాతి ఆల్చిప్ప ప్రవాహంలో ఒక తీరుగా, నిలవనీటిలో మరొక తీరుగా పెరుగుతుంది కనుక, ఆ జాగ్రత్త ఎంతైనా అవసరం.

పిక్టోరమ్‌ను దాని దగ్గరి బంధువైన ట్యూమిడస్‌నుంచి వేరు చేయడం మాత్రం కీలుతో తేలే పని కాదు. పిక్టోరమ్‌లో పై అంచు, కింది అంచు దాదాపు సమాంతరంగా సాగుతాయి. పొడవు సాధారణంగా ఎత్తుకు రెట్టింపుకు మించుతుంది. ట్యూమిడస్ ముందు భాగంలో ఉబ్బి, వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది. దాని కింది అంచు వంపు తిరిగి ఉంటుంది. శిఖరంపై గుర్తులు మరింత నమ్మదగినవి: పిక్టోరమ్‌లో విడివిడి బొడిపెలు, ట్యూమిడస్‌లో అలల్లాంటి గీతలు. పోతలలో ఇవి ఎంత చక్కగా వచ్చాయంటే, అదే ఒక చిక్కు కూడా. ఏళ్ళ తరబడి నీటిలో ఉన్న చిప్పకు శిఖరం మీది పైపొర అరిగిపోతుంది, ఆమ్లగుణం గల నీరు దాని కింది సున్నపు పొరను కరిగిస్తుంది. అందువల్ల నది ఒడ్డున దొరికే ముదురు చిప్పలో ఈ బొడిపెలు మిగలకపోవచ్చు. శిఖరం అరిగిన నమూనా ఒక్కటైనా జతచేసి ఉంటే ఈ పెట్టె విలువ ఎంతో పెరిగేది.

రంగు, బరువుల విషయంలో పోత ఎలాగూ అసలుకు సాటిరాదు. ముత్యపు పొర స్థానంలో పూసిన వెండిరంగు ఏ కోణంలో చూసినా ఒకే మెరుపు ఇస్తుంది. అనొడోంటా సిగ్నియా 20 సెంటీమీటర్ల వరకు పెరిగినా దాని చిప్ప పలుచగా, తేలికగా ఉంటుంది. ఇక్కడ అది యూనియోకు సమానమైన మందంతో ఉంది. ఎండిన అసలు చిప్ప అంచులు పెళుసుబారి చిట్లుతాయన్న సంగతి కూడా దీనివల్ల తెలియదు.

నాకు నచ్చనిది పెట్టెతో ఇచ్చిన కరదీపిక, అంటే వరుస ప్రశ్నలతో జాతిని గుర్తుపట్టించే పుస్తకం. మొదటి ప్రశ్నే 'చిప్ప పసుపు-ఆకుపచ్చా, గోధుమరంగా?' అని మొదలవుతుంది. చిప్పకు పట్టిన పాచి, ఇనుము మరక, వయసు, అన్నీ రంగును మారుస్తాయి. కీలును నాలుగో ప్రశ్నకు నెట్టిన ఈ క్రమం, పెట్టెలోని మంచి పోతలకే అన్యాయం చేస్తున్నది. పళ్ళు ఉన్నాయా, పక్క పళ్ళు ఉన్నాయా అన్న రెండు ప్రశ్నలను ముందుంచితే అయిదు జాతులలో ముగ్గురు అభ్యర్థులు వెంటనే తప్పుకుంటారు. మిగిలే యూనియో జంటకు కొలబద్ద, శిఖరం చాలు.

మరో లోటు కార్బిక్యులా లేకపోవడం. ఆసియా నుంచి వచ్చి యూరప్ నదుల్లో విస్తరించిన ఈ చిన్న త్రికోణాకారపు ఆల్చిప్పకు పైభాగమంతా సమకేంద్ర గట్లు, కీలులో మూడు మధ్య పళ్ళు ఉంటాయి. కరదీపికను ఉన్నది ఉన్నట్టు అనుసరించే కొత్తవారు దీనిని పిల్ల యూనియోగా లెక్కవేసే అవకాశం ఎక్కువ. కనుక బోధనకు కొనేవారు కార్బిక్యులా చిప్పల జతను విడిగా సమకూర్చుకుని, కరదీపిక మొదటి పేజీని తాము తిరగరాసుకున్న తరువాతే పెట్టెను విద్యార్థుల చేతికి ఇవ్వాలి.