1812 యుద్ధం: బాల్టిమోర్ ఓడ ఓనర్‌కి ఏది బెటర్, వేటా సరుకా?

అమెరికా బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించాక అక్కడి బాల్టిమోర్ రేవులో ఓడల ఓనర్లకి ఇదే డైలమా, శత్రువు ఓడల్ని పట్టుకోవచ్చని సర్కారిచ్చే పర్మిషన్ పత్రం ఒకటే కానీ ఓడని ఉత్త వేటకి పంపాలా, లేక సరుకేసి పంపి దార్లో శత్రువు ఓడ దొరికితే పట్టుకోవాలా?

మనుషులు: వేటకి వంద మంది దాకా కావాలి, పట్టిన ఓడల్ని నడుపుకొచ్చేదెవరు మరి. సరుకోడకి అందులో సగం కూడా అక్కర్లేదు.

జీతం: వేటలో లేదు, పట్టిన సొమ్ములో వాటానే. సరుకోడలో జీతం, దొరికితే వాటా కూడా.

బాండ్ (రూల్స్ తప్పమని సర్కారుకిచ్చే పూచీ): ఓడలో 150 మంది లోపైతే 5,000 డాలర్లు, దాటితే 10,000.

రిస్క్: పట్టుకోగానే మనదైపోదు, రేవుకి తేవాలి, కోర్టు ఒప్పుకోవాలి, ఈలోపు బ్రిటిష్ నేవీ తిరిగి లాక్కుంటే అంతా గోవిందా.

థామస్ బాయిల్ లాంటి కెప్టెన్ దొరికితే వేటకే పంపండి, 1814లో ఒక్క ఓడేసుకుని బ్రిటన్ తీరం మొత్తాన్నీ దిగ్బంధించానని ప్రకటించాడు మహానుభావుడు! అలాంటోడు లేకపోతే, సరుకు అమ్ముడుపోయే రేవు తెలిసుంటే, సరుకోడే నయం.