తిత్లీ తుఫాను తర్వాత మళ్లీ పూసిన మా ఐస్‌బర్గ్ గులాబి

ఐస్‌బర్గ్‌ని పొగిడేవాళ్లకు కొదవ లేదు. 1958లో జర్మనీలో కోర్డెస్ వాళ్లు తెచ్చిన రకం ఇది. 1983లో ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య మేటి గులాబీల వరుసలో చేర్చింది. గుత్తులుగా పూస్తుందనీ, ముళ్లు తక్కువనీ కొనేటప్పుడే చెప్తారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పెరట్లో ఇన్నేళ్లు పెంచాక నేను చెప్పాలనుకుంటున్నది వేరు. కొమ్మ నాటి పెంచిన ఐస్‌బర్గ్‌ని నమ్ముకోవచ్చు. వేరే గులాబి వేరు మీద ఐస్‌బర్గ్‌ని కట్టి పెంచే అంటు మొక్క మీద మాత్రం నాకు అంత నమ్మకం లేదు.

మా ఇంట్లో రెండూ ఉండేవి. మొదటిది వీధిలోకి వచ్చిన మొక్కల బండి దగ్గర కొన్న అంటు మొక్క. నాటిన ఏడాదికే విరగబూసింది. దసరా వెళ్లాక దాన్ని కత్తిరిస్తుంటే ఎదురింటి పిన్ని చూసి, "పారీకమ్మా, ఒక పుల్ల నూతి పక్కన గుచ్చీ, పోయేదేముంది" అంది. పెన్సిలంత లావున్న కొమ్మ ఒకటి తీసి, రెండు కన్నులు మట్టిలోకి వెళ్లేలా గుచ్చాను. బతికింది గానీ చాలాకాలం ఈసురోమంటూనే ఉంది. అంటు మొక్క నడుమెత్తున పూస్తుంటే ఇది మోకాలెత్తు కూడా దాటలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో ఆ వానని, ఆ గాలిని ఎవరూ మర్చిపోలేదు. కొండ విరిగిపడి మనుషులు పోయారు. అలాంటి సమయంలో గులాబి మొక్క గురించి బాధపడ్డానని ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. మా ప్రహరీ గోడ సరిగ్గా ఆ రెండు మొక్కల మీదే కూలింది. ఇటుకలు తీసేసరికి రెండూ నేలమట్టానికి విరిగిపోయి ఉన్నాయి. పక్కింటి ఒడియా మాఉసి ఏటా కార్తీకమాసం పూజకి మా తెల్లపూలే తీసుకెళ్లేది. వాళ్ల కార్తీకం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది. ఆ ఏడు ఆవిడ చేతిలో పెట్టడానికి ఒక్క పువ్వు లేదు.

ముందు లేచింది అంటు మొక్కే. చూస్తుండగానే సన్నగా, పొడుగ్గా కొమ్మలు తన్నుకొచ్చాయి. ఇంట్లో అందరికీ సంబరం. నాకే ఆ ఆకు చూస్తే అనుమానం వచ్చింది. రంగు బాగా లేత, ఒక్కో ఆకుకి ఏడూ తొమ్మిదీ చిట్టాకులు. ఐదుంటే మంచి గులాబి, ఏడుంటే అడవిది అని మా వైపు చెప్తారు గానీ ఆ లెక్క నమ్మకూడదు, మంచి రకాలకీ ఒక్కోసారి ఏడు వస్తాయి. చూడాల్సింది ఆకు కాడ మొదట్లో. అక్కడ కాడకి రెండువైపులా అతుక్కుని సన్నని రెక్కలుంటాయి. ఈ కొత్త కొమ్మలకి ఆ రెక్కల అంచు దువ్వెన పళ్లలా లోతుగా చీలి ఉంది. మల్టీఫ్లోరా లక్షణం అది. అంటు కట్టేటప్పుడు కింద వేరు కోసం వాడే అడవి గులాబి. పైన కట్టిన ఐస్‌బర్గ్ భాగం గోడ కిందే పోయింది, కింది వేరు మాత్రం బతికి తన కొమ్మలు తాను వేసుకుంది. ఏడాదంతా చూశాను. చోటంతా ఆక్రమించింది గానీ ఒక్క పువ్వు పూయలేదు. పీకించేశాను.

కొమ్మ నాటిన మొక్క నెల దాటినా ఉలకలేదు, పలకలేదు. పోయిందనే అనుకున్నాం. తర్వాత ఒక పొద్దున మట్టిని పగలగొట్టుకుని ఎర్రటి చిగురు కనిపించింది. సంక్రాంతి వెళ్లాక, చలి ఇంకా ఉండగానే, మొదటి గుత్తి వేసింది. మొగ్గ బయటి రేకుల మీద చలికి వచ్చే లేత గులాబీ ఛాయ, విచ్చాక తెలుపు. అచ్చంగా అదే పువ్వు. అంటు లేదు కాబట్టి నేల లోపలి నుంచి చిగురొచ్చినా ఐస్‌బర్గే వస్తుంది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

పన్నెండు నెలలూ పూస్తుందని అందరికీ చెప్పేదాన్ని. పూయడం పూస్తుంది. కాకపోతే వానలు పట్టాయంటే నల్లమచ్చ తెగులు తప్పదు. ఆకు ఏడు గంటలు తడిగా ఉంటే చాలు, ఆ బూజు మొలకెత్తుతుంది. శ్రావణంలో మా దగ్గర ఆకు ఆరేదెప్పుడు? కింది ఆకులు పసుపెక్కి రాలిపోయి, భాద్రపదానికి మొక్క సగం బోడిగా ఉంటుంది. రాలినవి ఎప్పటికప్పుడు ఏరేసి, నీళ్లు పొద్దున్నే మొదట్లో మాత్రమే పోస్తే కొంత అదుపులో ఉంటుంది, పూర్తిగా పోదు. మే నెల ఎండకి పువ్వు చిన్నదైపోతుంది, పొద్దున విచ్చింది సాయంత్రానికే వాడుతుంది. ధైర్యంగా చెప్పగలిగేది దసరా నుంచి హోళీ దాకా.

ఇదంతా సొంత పెరడు, నుయ్యి, పొద్దుటి ఎండ ఉన్నదాన్ని కాబట్టి చెప్తున్నాను. మొదట్లో ఎదగక విసిగించిన ఆ కాలమంతా ఓపిక పట్టగలిగాను. రాయగడలో అద్దె ఇంట్లో, డాబా మీద కుండీలో పెంచుకునే మా చెల్లెలికి మాత్రం అంటు మొక్కే కొనుక్కోమన్నాను. దానికి వెంటనే పూలు కావాలి, రెండేళ్లకో ఇల్లు మారుతుంది. అంటు కట్టిన ముడి కింద నుంచి చిగురొస్తే కత్తెరతో కొయ్యకుండా, మట్టి తీసి మొదలంటా చేత్తో లాగెయ్యమని చెప్పాను. కోస్తే అక్కణ్నుంచే మళ్లీ వస్తుంది. మొదటి కత్తిరింపులో వచ్చిన పుల్లలు రెండు వేరే కుండీలో గుచ్చమని కూడా చెప్పాను, ఇంకా గుచ్చలేదు.