కొర్యోలింక్ రివ్యూ: సిగ్నల్ ఉంది, డబ్బే బయటికి రాదు

నెట్‌వర్క్‌కి 4 స్టార్లు, పెట్టుబడికి 1. ఉత్తర కొరియాలోని ఈ 3జీ సర్వీసు నేను వాడలేదు, ప్యాంగ్‌యాంగ్ వెళ్లే పనీ లేదు, కాబట్టి ఇది సిమ్ కొన్నవాడి రివ్యూ కాదు, డబ్బు పెట్టినవాడి వైపు నుంచి.

పెట్టింది ఈజిప్టు కంపెనీ ఒరాస్కామ్. 2008లో లైసెన్సు తీసుకుని ఆ డిసెంబర్లోనే సర్వీసు మొదలుపెట్టేశారు. వాటా 75 శాతం, మిగతా 25 అక్కడి ప్రభుత్వ సంస్థది, పైగా మొదటి నాలుగేళ్లు పోటీ ఉండదని మాట. కాగితం మీద ఇంతకంటే మంచి డీల్ ఎవరిస్తారు చెప్పండి?

సర్వీసుకి గిరాకీ లేదని అనలేం. 2012 ఫిబ్రవరికి 10 లక్షల మంది, ఇంకో ఏడాది దాటేసరికి 20 లక్షలు. అప్పట్లో బేసిక్ ప్లాన్‌లో నెలకి 200 నిమిషాలు, అవి అయిపోతే డాలర్లో యూరోలో ఇచ్చి కొనుక్కోవాల్సి వచ్చేది, అంటే జనం ఇంట్లో దాచుకున్న విదేశీ నోట్లు బయటికి లాగే ఏర్పాటన్నమాట. స్థానికులకి ఇంటర్నెట్ లేదు, విదేశాలకి కాల్ పోదు, పక్క వీధిలో ఉన్న విదేశీయుడి నంబరు కూడా కలవదు.

అసలు టెన్షన్ బిల్లులు వసూలయ్యాకే. ఆదాయంలో ఎక్కువ భాగం అక్కడి కరెన్సీ వోన్లలోనే. అప్పట్లో అధికారిక రేటు డాలరుకి 100 వోన్ల చుట్టూ, బజార్లో 8000 చుట్టూ ఉండేది. అధికారిక రేటుకి ప్రభుత్వం డాలర్లివ్వదు, బజారు రేటుకి ఒప్పుకుంటే లెక్కల్లో 80 డాలర్లుగా చూపించుకున్నది కాస్తా ఒక్క డాలరవుతుంది. ఆంక్షల తలనొప్పి వేరే. ఇది చాలదన్నట్టు ప్రభుత్వమే పోటీగా ఇంకో ఆపరేటర్ని దింపింది. భాగస్వామి, లైసెన్సిచ్చేవాడు, మారకం రేటు పెట్టేవాడు, పోటీదారు, అన్నీ ఒక్కరే అయితే ఫిర్యాదు ఎవరికిస్తారు? చివరికి 2015లో కొర్యోలింక్ మీద తమకి అదుపు లేదని ఒరాస్కామే తన లెక్కల్లో రాసుకుంది. ముప్పావు వాటా ఉన్నవాడి పరిస్థితి అది!

అన్నట్టు, పదహారేళ్ల పాటు మొండిగోడలతో నిలబడ్డ 105 అంతస్తుల ర్యుగ్యాంగ్ హోటల్‌కి అద్దాలు తొడిగించింది కూడా ఈ కంపెనీయే. అందులో మాత్రం ఇంతవరకు ఒక్క గదీ అద్దెకి ఇవ్వలేదు.