రెండు నెలల పిల్లా, రెండేళ్ల కుక్కా: దత్తతకు ఏది మేలు?

కుక్కను తెచ్చుకుందాం అనుకున్న ఇంట్లో మొదట వినపడే మాట ఒకటే. "చిన్నపిల్లను తెచ్చుకుంటేనే మచ్చికవుతుంది, పెద్దది మన మాట వింటుందా?" మా అత్తయ్య అదే అన్నారు, వాచ్‌మన్ అదే అన్నాడు, నేనూ నమ్మాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది దానికి సరిగ్గా ఎదురు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఫ్లాట్‌కు రెండు నెలల పిల్ల కంటే రెండేళ్ల కుక్కే మేలు. డబ్బు పెట్టి కొనే జాతికుక్కల సంగతి కాదు నేను చెప్పేది. వీధిలో పుట్టి, ఎవరో కాపాడి షెల్టర్‌లో పెట్టిన మన కుక్కల గురించి. మేముండేది కూకట్‌పల్లిలో, మూడో అంతస్తు. పిల్లనూ తెచ్చి చూశాం, పెద్దదాన్నీ తెచ్చి చూశాం.

ముందు పిల్ల సంగతి. మన వీధికుక్కలకు ఒక కాలం ఉంది. చిత్తకార్తె అనే మాట ఊరికే రాలేదు. అక్టోబర్‌లో ఆ కార్తెలో జతకడితే 63 రోజులకు, అంటే డిసెంబర్ నడుమ, పిల్లలు పుడతాయి. ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండాలి కాబట్టి సంక్రాంతి దాటి శివరాత్రి దగ్గర పడేసరికి గానీ అవి ఇంకో ఇంటికి వెళ్లే ఈడుకు రావు. మనం అంతవరకు ఆగం. కళ్లు తెరిచి నాలుగడుగులు వేయగానే ఎత్తుకొచ్చేస్తాం. మేమూ నెలన్నర పిల్లను అలాగే తెచ్చాం. మా వాడు బంటి అని పేరు పెట్టాడు.

నాలుగో రోజు పొద్దున గిన్నె ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు, మర్నాడు నెత్తురు విరేచనాలు. డాక్టర్ పరీక్ష చేసి పార్వో అన్నారు, కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. "మీ ఇంటికి రాకముందే అంటుకుని ఉంటుందమ్మా, బయటపడటానికి నాలుగైదు రోజులు పడుతుంది" అని చెప్పారు. బంటి ముందరి కాలు నా వేలంత ఉంటుంది. దానికి సూది గుచ్చి, సెలైన్ పెట్టి, ప్లాస్టర్ చుట్టి, పైన పెన్నుతో తేదీ రాశారు. మూడు తేదీలు రాశారు. నాలుగోది రాయాల్సిన పని పడలేదు.

తప్పు మాదే. "రెండ్రోజులు అలవాటు పడనిచ్చి అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్దాంలే" అనుకున్నాం. పిల్లను తెస్తే దారిలోనే డాక్టర్ దగ్గర ఆగి, ఆ తర్వాతే ఇంటికి రావాలి. పార్వో లాంటి జబ్బులకు కలిపి ఇచ్చే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, మళ్లీ ఏడాదికి. నట్టల మందు అయితే మూడు నెలల వయసు వరకు రెండు వారాలకోసారి. ఈ టీకాలన్నీ అయ్యేదాకా వేరే కుక్కలు తిరిగిన చోట పిల్లను కింద దింపకూడదు. అలాగని గదిలో పెట్టి తలుపేస్తే పిరికిదవుతుంది, ఎందుకంటే అది లోకాన్ని చూసి "ఇది పర్లేదు" అనుకునే వయసు కూడా సరిగ్గా అదే, మొదటి మూడు నెలలూ. ఎత్తుకుని తిప్పి ఆటోలు, హారన్లు, గొడుగులు, హెల్మెట్ పెట్టుకున్న మనుషులు, అన్నీ చూపించాలి. దీనికి ఓ మనిషి ఇంట్లో ఉండాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. పార్వో వచ్చిన ఇంటిని ఫినాయిల్‌తో ఎంత తుడిచినా ఆ వైరస్‌కు ఏమీ కాదు. మామూలు బ్లీచ్ లిక్విడ్ లీటరు నీటికి 30 మిల్లీలీటర్లు కలిపి, నేల పది నిమిషాలైనా తడిగా ఉండేలా తుడవాలి. మట్టిలోనైతే నెలల తరబడి బతికి ఉంటుంది. బంటి పోయాక ఏడాది దాకా మేము ఇంకో పిల్ల మాట ఎత్తకపోవడానికి బాధ ఒక కారణం, ఈ భయం ఇంకోటి.

పిల్లకు పట్టే టైమ్ లెక్క కూడా వేసుకోండి. ఎన్ని నెలల వయసో దాదాపు అన్ని గంటలే ఒంటికి ఆపుకోగలదు. రెండు నెలల పిల్లను రెండు గంటలకోసారి, రాత్రి కూడా లేచి తీసుకెళ్లాలి. పొద్దున తొమ్మిదికి తాళం వేసి సాయంత్రం ఏడుకు తీసే ఇల్లయితే ఇది కుదరదు. పెద్ద కుక్కకు రోజుకు మూడుసార్లు చాలు.

పిల్ల కుదిరే ఇళ్లు లేవని కాదు. రాజమండ్రిలో మా ఆడపడుచు వాళ్లది పిల్లే. వాళ్లకు పెరడుంది, రిటైరైన మామగారు రోజంతా వాకిట్లో పడక్కుర్చీలో ఉంటారు. ఇంకేం కావాలి దానికి. నాలుగో నెలలో పళ్లు మారేటప్పుడు ఆయన చెప్పులు రెండు జతలు నమిలింది. పంచాంగంలో ఉగాది నుంచి శ్రావణం దాకా తినేసింది. ఆయన తిట్టుకుంటూనే దానికి మజ్జిగన్నం కలిపి పెట్టేవారు.

ఇక పెద్దది. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ నుంచి చిన్న చిన్న వలంటీర్ల బృందాల దాకా, కాపాడిన కుక్కల్ని దత్తత ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. కానీ అడిగేవాళ్లంతా పిల్లల్నే అడుగుతారు. 2025 ఆగస్టులో జీహెచ్ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దత్తత మేళా పెట్టింది కూడా కుక్కపిల్లలకే. పెద్దవి మిగిలిపోతాయి. మల్లి అలా మిగిలిన కుక్క. పళ్లు చూసి రెండేళ్లు ఉంటాయన్నారు. ఒక చెవి కొస కత్తిరించి ఉంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. టీకాల కార్డు చేతిలో పెట్టారు. పిల్లకైతే ఇవన్నీ మనమే చేయించాలి, ఖర్చూ మనదే. పైగా పెద్దదాని విషయంలో ఏం తెస్తున్నామో కంటికి కనపడుతుంది. ఎంత ఎత్తు, ఎంత బరువు, పిల్లల్ని చూస్తే ఏం చేస్తుంది, పిల్లిని చూస్తే ఏం చేస్తుంది, అన్నీ అక్కడే చూడొచ్చు. నెలన్నర పిల్ల పెద్దయ్యాక 15 కిలోలవుతుందో 25 అవుతుందో ఎవరూ చెప్పలేరు.

అయితే పెద్దదానికి చేసుకోవాల్సిన ఏర్పాట్లు వేరు. పిల్లను తెస్తే చెప్పులు, ఛార్జర్ వైర్లు పైన పెట్టుకోవాలి. పెద్దదాన్ని తెస్తే తలుపులు చూసుకోవాలి. మొదటి వారం అది పారిపోవాలనే చూస్తుంది, మన మీద కోపంతో కాదు, భయంతో. షెల్టర్ అమ్మాయి నాకు ఒకటికి నాలుగుసార్లు చెప్పింది: "అక్కా, వారం దాకా ఇంట్లో కూడా హార్నెస్ తీయొద్దు. మెడపట్టీ ఒక్కటే నమ్ముకోవద్దు." నాకు అతి అనిపించింది. మూడో రోజు కింద టిఫిన్ సెంటర్ ముందు నడుస్తుంటే లోపల కుక్కర్ విజిల్ వేసింది. మల్లి ఒక్క ఉదుటున వెనక్కి గుంజింది. మెడపట్టీ చెవుల మీదుగా జారి నా చేతిలోకి వచ్చేసింది. ఛాతీకి కట్టిన హార్నెస్‌కు రెండో తాడు ఉంది కాబట్టి కుక్క మిగిలింది. అందుకే చెబుతున్నా, పెద్ద కుక్కకు గొలుసా, పట్టీనా, హార్నెసా అనే ప్రశ్నే లేదు. హార్నెస్, దానికో తాడు, పట్టీకో తాడు. పట్టీ మీద ఫోన్ నంబర్.

ఒంట్లో దాగిన జబ్బు పెద్దదానికీ ఉండొచ్చు. మన దగ్గర గోమార్లు (పిడుదులు అంటారు కొన్నిచోట్ల) ఎక్కువ కాబట్టి టిక్ ఫీవర్ తరచూ వస్తుంది. పైకి హుషారుగానే ఉంటుంది, లోపల ప్లేట్‌లెట్లు పడిపోతుంటాయి. తెచ్చే ముందే రక్త పరీక్ష చేయించమని అడగండి. మల్లికి చేయిస్తే బయటపడింది. నాలుగు వారాలు మాత్రలు వేశాం, అరటిపండులో పెట్టి. పార్వోతో పోలిస్తే ఇది చాలా నయం.

మొదటి రాత్రి మల్లి వాషింగ్ మెషీన్‌కూ గోడకూ మధ్య ఉన్న జానెడు సందులో దూరింది. టైల్స్ మీద కాళ్లు జారతాయని భయం, తిరిగే ఫ్యానంటే భయం, లిఫ్ట్ అంటే మరీ భయం. 20 గంటలు ఒంటికి పోలేదు. ఎవరైనా బతిమాలబోతే ఇంకా లోపలికి ముడుచుకునేది. రెస్క్యూ వాళ్లు ఓ మూళ్ల లెక్క చెబుతారు: బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. లెక్క బాగుంది కానీ మల్లికి లిఫ్ట్ ఎక్కడానికి అయిదు నెలలు పట్టింది. అన్నాళ్లూ రోజుకు మూడుసార్లు మెట్లే. నా మోకాళ్లను అడగండి చెబుతాయి.

మచ్చిక సంగతికి వస్తాను. అత్తయ్యకు కుక్క వంటింటి గడప దాటకూడదని పట్టింపు, అది ఇప్పటికీ ఉంది. ఆవిడ దాన్ని ఒక్కసారి కూడా పిలవలేదు, ముట్టలేదు. రోజూ సాయంత్రం సోఫాలో కూర్చుని సీరియల్ చూస్తారు, అంతే. మూడు వారాలు దాటాక ఒకరోజు మల్లి నెమ్మదిగా వచ్చి ఆవిడ పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. ఆవిడ కాలు కదపలేదు. సీరియల్ అయ్యాక రిమోట్ అందక "ఒసే అమ్మాయ్, కాస్త ఆ టీవీ కట్టెయ్యి, ఇది పడుకుంది" అని నన్ను కేకేశారు. మేమంతా చేతిలో బిస్కెట్లు పట్టుకుని వెంటపడుతుంటే, తనను పట్టించుకోని మనిషినే అది ఎంచుకుంది. పెద్ద కుక్క మచ్చిక కాదనేవాళ్లకు ఇంతకంటే ఏం చెప్పను.

మిగతావి చిన్న సందేహాలు, గబగబా చెప్పేస్తాను. బాల్కనీలోనా, హాల్లోనా? హాల్లోనే, మనుషుల నడక తగలని మూల, పాత దుప్పటి వేసి. బాల్కనీలో ఎండ, పిడుగుల చప్పుడు, దూకే ప్రమాదం. వచ్చిన రోజే స్నానమా, ఆగాలా? ఆగాలి. కంపు వారం రోజులు భరించొచ్చు. అన్నమా, డ్రై ఫుడ్డా? మొదటి వారం షెల్టర్‌లో ఏది తిన్నదో అదే, తర్వాత కొద్దికొద్దిగా మార్చాలి. పెద్దదానికి అన్నం, ఉడికించిన చికెన్, గుమ్మడికాయ కలిపి పెట్టినా సరిపోతుంది, మేము ఓ పూట అది, ఓ పూట డ్రై ఫుడ్. ఎదిగే పిల్లను మాత్రం పాలన్నంతో పెంచకండి, కాళ్లు వంకరపోతాయి. ఉల్లిపాయ వేసిన పులుసు, పరమాన్నంలో కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన ఎముకలు ఏ కుక్కకూ వద్దు.

వేసవి సెలవుల్లో తేవాలా, బడులు తెరిచాకా? దీని మీద మాత్రం కాస్త ఆగుతాను, ఎందుకంటే ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే. పిల్లలకు సెలవులు కదా అని మే నెలలో తెస్తారు. నెలంతా ఇంటినిండా జనం, ఆటలు, ఒళ్లో నిద్ర. జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ పొద్దున్నే ఇల్లు ఒక్కసారిగా ఖాళీ. ఇక మొరుగుడు, తలుపు గీకుడు, పక్క ఫ్లాట్ నుంచి ఫోన్లు. మే ఎండకు మధ్యాహ్నం సిమెంటు రోడ్డు మీద అరికాళ్లు కాలిపోవడం అదనం. బడులు తెరిచి ఇంటి టైమ్‌టేబుల్ కుదుటపడ్డాక తేవడం మేలు. దీపావళికి నెల ముందు అసలొద్దు. మేము మల్లిని జూన్ ఆఖరులో తెచ్చాం. జులై 6 జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే రోజు, ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. కార్డు చూపించి ఆ ఏటి డోసు అక్కడే వేయించి, జీహెచ్ఎంసీ లైసెన్సుకు పెట్టాం. అపార్ట్‌మెంట్ సంఘంలో ఒకాయన కుక్కలకు పర్మిషన్ లేదన్నారు. జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల ప్రకారం సంఘం కుక్కల్ని నిషేధించలేదని కాగితం చూపించి, పెంట మేమే ఎత్తుతామని మాటిచ్చాం. రెండో ముక్కే ఎక్కువ పనిచేసింది.

ఇవేవీ తేల్చుకోలేకపోతే ఇంకో దారి ఉంది. దత్తత కాగితం మీద సంతకం పెట్టకుండా పదిహేను రోజులు మీ ఇంట్లో ఉంచుకుని చూస్తామని అడగండి. చాలా బృందాలు ఒప్పుకుంటాయి, వాళ్ల దగ్గర ఎప్పుడూ చోటు చాలదు. ఇది కూడా పెద్ద కుక్కతోనే కుదురుతుంది. టీకాలు కాని పిల్లను ఇల్లిల్లూ తిప్పకూడదు.

మల్లి వచ్చి రెండేళ్లు దాటింది. ఇప్పుడు లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే అందరికంటే ముందు ఎక్కుతుంది. చీపురు మాత్రం తలుపు వెనకే పెడతాం. మొదటి వారంలో అత్తయ్య ఊడవబోయి చీపురు ఎత్తగానే అది నేలకు కరుచుకుపోయి ఉన్నచోటే ఒంటికి పోసుకుంది. ఆవిడ ఆ రోజు నుంచి మల్లిని వాకింగ్‌కు పంపాకే ఇల్లు ఊడుస్తారు.