నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ అంచనా: గాలి మేటవేసిన మంచు విషయంలో ఎంతవరకు నమ్మవచ్చు?

సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ప్రాంతాల్లో ఉంటూ శీతాకాలపు వారాంతాల్లో స్నోషూలు కట్టుకుని కాస్కేడ్ పర్వతాల్లోని స్నోక్వాల్మీ పాస్ కనుమ వైపు వెళ్లే మన తెలుగువారిలో చాలామంది, బయలుదేరే ముందు ఎండ కాస్తుందా, రోడ్డు తెరిచి ఉందా అన్నవే చూసుకుంటారు. ఆ రెండింటికన్నా ముందు నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ఇచ్చే మంచుచరియల అంచనాను చూడాలని నా అభిప్రాయం. వాషింగ్టన్‌లోని కాస్కేడ్, ఒలింపిక్ పర్వతాలకూ, ఒరెగాన్‌లోని మౌంట్ హుడ్ పరిసరాలకూ ఈ సంస్థ సాయంత్రం వేళ మరునాటి అంచనాను ఉచితంగా ప్రకటిస్తుంది.

పేజీ తెరవగానే ఒకటి నుంచి ఐదు వరకు ఉండే ప్రమాద స్థాయి కనిపిస్తుంది. మూడు అని ఉంటే మధ్యస్థమే కదా అనుకోవడం తగదు. మూడో స్థాయి అంటే మనిషి బరువుకు చరియ విరిగే అవకాశం బాగా ఉందనీ, తనంత తానుగా విరగడం కూడా సాధ్యమేననీ అర్థం. నా దృష్టిలో అంతకన్నా విలువైనది ఆ అంకె కింద ఉండే గుండ్రటి పటం. ఎనిమిది దిక్కులుగా, మూడు ఎత్తులుగా విడగొట్టిన ఆ పటంలో, ఏ దిక్కుకు తిరిగిన వాలుపై ఏ ఎత్తులో ప్రమాదం ఉందో ఆ గళ్లకు రంగు వేసి చూపుతారు.

విండ్ స్లాబ్ (గాలి మేటవేసిన మంచు పలక) అని రాసిన రోజున ఈ పటాన్ని మరింత శ్రద్ధగా చదవాలి. గాలి ఒక వాలు మీది మంచును ఊడ్చుకుపోయి, కొండ అంచు దాటగానే అవతలి వాలుపై, వరద ఇసుకను మేటవేసినట్టు, దించేస్తుంది. ఆకాశం నుంచి ఒక్క రేకు రాలకపోయినా కొన్ని గంటల్లోనే అక్కడ మందంగా మంచు చేరవచ్చు. ఆ ప్రయాణంలో మంచురేకులు నలిగి, ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని, మెత్తటి పాత మంచు మీద బిగుసుకున్న పలకలా నిలుస్తాయి. ఉపరితలం నున్నగా ఉబ్బినట్టు కనిపించడం, అడుగు వేస్తే బోలుగా మోగడం, కాలి దగ్గర పుట్టిన పగులు ముందుకు పరుగెత్తడం దాని ఆనవాళ్లు. చిక్కేమిటంటే ఆ పలక మధ్యలో మందంగా, అంచుల్లో పలుచగా ఉంటుంది. అందువల్ల మందమైన చోట ఒకరు క్షేమంగా దాటినా, వెనక వచ్చినవారు పలుచటి అంచున వేసే అడుగు మొత్తాన్ని కదిలించవచ్చు. ముందు అడుగుల జాడలున్నాయి కనుక భయం లేదనే వాదన ఇక్కడ చెల్లదు.

కాస్కేడ్స్‌లో తుపాను గాలులు సాధారణంగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వస్తాయి కనుక ఉత్తరం, తూర్పు వైపు వాలులే బరువెక్కుతాయన్నది అలవాటైన లెక్క. చలి ముదిరి, కాస్కేడ్స్‌కు తూర్పున ఉన్న కొలంబియా బేసిన్‌లోని చల్లగాలి కనుమల గుండా పడమటికి దూసుకొచ్చినప్పుడు ఆ లెక్క తారుమారవుతుంది. మామూలుగా బోసిగా ఉండే పడమటి వాలులపైనే పలకలు ఏర్పడతాయి. అటువంటి సమయాల్లో ఈ అంచనా అక్షరాలా కళ్లు తెరిపిస్తుంది. దీనితోపాటు కొండల మీది వాతావరణ కేంద్రాలు గంటగంటకూ పంపే గాలివేగం, దిశ కూడా అందుబాటులో ఉంచుతారు. అయితే గాలివేగం సున్నా అని కనిపిస్తే సంతోషించే ముందు పక్క కేంద్రపు అంకె కూడా చూడాలి. అక్కడి తేమకు కొలిచే పరికరమే మంచు పట్టి తిరగడం ఆగిపోయి ఉండవచ్చు.

పరిమితులు లేకపోలేదు. అంచనా ఒక విశాల ప్రాంతానికంతటికీ వర్తించేది. ఆల్పెంటల్ లోయలో సోర్స్ లేక్ దారి మీదకు దిగే ఫలానా వాగు నెత్తిన గాలి ఎంత మంచు పోసిందో అది చెప్పదు, చెప్పగలనని అనదు కూడా. అనుభవం ఉంటే ఆ లోటు తీరిపోతుందని అనుకోవడానికీ వీల్లేదు. స్టీవెన్స్ పాస్ దగ్గరి టన్నెల్ క్రీక్‌లో 2012 ఫిబ్రవరి 19న మంచుచరియ విరిగి మరణించిన ముగ్గురూ మంచుపై ఆరితేరినవారే. పరిభాష కొత్తవారికి బరువుగానే ఉంటుంది. ఒక ప్రాథమిక శిక్షణ తీసుకున్నాక చదివితేనే సగం వాక్యాలు అర్థవంతమవుతాయి.

మరొక లోటు కాలానికి సంబంధించినది. వసంతం వచ్చాక రోజువారీ అంచనాలు ఆగిపోతాయి. మౌంట్ రైనియర్ పైభాగాన మాత్రం మే నెలలోనూ కొత్త మంచు పడుతూ, గాలి దాన్ని మేటవేస్తూనే ఉంటుంది. ఆ రోజుల్లో పైకి వెళ్లదలచినవారు గాలి అంకెలు చూసుకుని రంగు గళ్లను తామే ఊహించుకోవలసి ఉంటుంది.