డబ్ల్యూగెట్: 13 ఏళ్లు వాడాక

మా పెద్దమ్మకు ఒక వంటల వెబ్ పేజీ ఉండేది. అమెరికాలో ఉన్న మా అన్నయ్య ఏదో ఉచిత హోస్టింగ్‌లో పెట్టించాడు. 2012లో ఆ సర్వీసు మూసేస్తున్నామని, నెల రోజుల్లో మీ సరుకు తీసుకెళ్లండని ఈమెయిల్ వచ్చింది. నూట ఎనభై పేజీలు. నేను ఒక్కొక్కటీ తెరిచి సేవ్ చేసుకుంటూ కూర్చుంటే, మా ఆఫీసులో సిస్టమ్స్ చూసే కుర్రాడు నవ్వి, ఒక కాగితం మీద ఒకే ఒక్క లైను రాసిచ్చాడు. టీ తాగి వచ్చేసరికి మొత్తం పేజీలు నా కంప్యూటర్లో ఉన్నాయి. అలా పరిచయమైంది డబ్ల్యూగెట్.

ఇది వెబ్ పేజీలను దించుకునే ప్రోగ్రాం, గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్లది, ఉచితం. క్రొయేషియాకు చెందిన హ్ర్వోయే నిక్‌షిచ్ రాసినది, 1996 నుంచీ ఉంది. బటన్లూ బొమ్మలూ ఉండవు, నల్ల తెర మీద కమాండ్ కొట్టాల్సిందే. ఒక అడ్రసు ఇస్తే ఆ పేజీ తెస్తుంది, అందులోని లింకులన్నీ వరసలో పెట్టుకుంటుంది, వాటినీ తెస్తుంది, వాటిలోని లింకులూ తెస్తుంది. క్రాలర్ అంటే ఇంతే. పాకే పురుగని పేరేగానీ అది ఎక్కడికీ పాకదు, మన ఇంట్లోనే కూర్చుని ఊరందరికీ ఉత్తరాలు రాస్తుంది. గూగుల్ వాళ్ల క్రాలర్ గూగుల్ బాట్ చేసేదీ ఇదే పని, కాకపోతే తెచ్చినదాన్ని వెతుకులాటకు సూచీ కడుతుంది. పాత వెబ్ పేజీల్ని భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ తేదీ వేసి దాస్తుంది. కామన్ క్రాల్ అనే సంస్థ తెచ్చినదాన్ని ఎవరికి కావాలంటే వాళ్లకు ఇచ్చేస్తుంది. 1993లో ఎంఐటీలో మాథ్యూ గ్రే రాసిన వాండరర్ అయితే వెబ్ ఎంత పెద్దదో లెక్క పెట్టడానికే తిరిగింది.

మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఒక చిన్న తెలుగు సాహిత్య పత్రిక సైటు మొత్తం దాచుకుందామని, రాత్రి 'మిర్రర్' (సైటంతా నకలు తీయమని) అని కొట్టి పడుకున్నాను. లింకులు పట్టుకుని పొమ్మంటే మామూలుగా డబ్ల్యూగెట్ లింకులో లింకు చొప్పున అయిదు మెట్ల లోతు దాకా వెళ్లి ఆగుతుంది. మిర్రర్ అంటే హద్దు లేదు. ఆ సైటు పక్కన ఒక క్యాలెండరు, దాని కింద 'వచ్చే నెల' అని లింకు. తెల్లారి చూస్తే మనవాడు 2190ల్లో ఉన్నాడు! అన్నీ ఖాళీ నెలలే. అంతకన్నా ఘోరం, ఆ దెబ్బకు చవక హోస్టింగ్‌లో ఉన్న పత్రిక సైటు పడిపోయింది. ఎడిటర్ గారికి ఫోన్ చేసి క్షమాపణ అడిగితే, "అడిగుంటే జిప్ చేసి పంపేవాణ్ణి కదండీ" అన్నారు.

అప్పటి నుంచి పేజీకీ పేజీకీ మధ్య అయిదు సెకన్ల 'వెయిట్' పెట్టకుండా నడపను. నాలుగు వేల పేజీలకు అయిదున్నర గంటలు పడుతుంది, పడనీ. 'నో పేరెంట్' కూడా తప్పనిసరి. లేకపోతే ఒక విభాగం అడిగితే పైకెక్కి సైటంతా మోసుకొస్తుంది. లింకులు వెంట పట్టుకుని పోయేటప్పుడు క్రాలర్లు ఎక్కడికి రాకూడదో సైటు వాళ్లు రాసిపెట్టే రోబోట్స్ ఫైలు చదివి, వద్దన్న చోటికి వెళ్లదు. ఈ మర్యాదను 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించారు. ఆ ఫైలు తాళం కాదు, గుమ్మం మీద రాసిపెట్టిన మాట మాత్రమే. ఒక చిన్న కమాండ్‌తో దాన్ని పక్కన పెట్టేయొచ్చు కూడా. నేను పెట్టను.

తెలుగువాళ్లకు మాత్రం ఇందులో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. అడ్రసులో తెలుగు అక్షరాలున్న సైటు ఒకటి దించితే 'మామిడి' ఫైలు చక్కగా వచ్చింది, 'గోంగూర' పిచ్చి గీతలైపోయింది. కారణం పట్టుకోవడానికి రెండు ఆదివారాలు పోయాయి. కంప్యూటర్ అక్షరాల్ని అంకెలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, అంటే మూడు అంకెలు. వాటిలో 128 నుంచి 159 మధ్య పడేవాటిని డబ్ల్యూగెట్ తెర మీద కనిపించని కంట్రోల్ గుర్తులనుకుని మార్చేస్తుంది. అ నుంచి ట దాకా అక్షరాలు, గుడిదీర్ఘం నుంచి పొల్లు దాకా గుర్తులు ఈ లెక్కలోకి వస్తాయి. మ, డ, దీర్ఘం, గుడి బతికిపోతాయి. 'రిస్ట్రిక్ట్ ఫైల్ నేమ్స్' దగ్గర 'నోకంట్రోల్' అని ఇస్తే గోంగూర గోంగూరలాగే వస్తుంది.

పేజీలోని సరుకును బ్రౌజర్‌లోనే కూర్చే జావాస్క్రిప్ట్‌తో నడిచే కొత్త సైట్ల మీద దీనికి ఆశ పెట్టుకోకండి, ఖాళీ చట్రం తెచ్చి చేతిలో పెడుతుంది. లింకులు చచ్చాయో బతికాయో చూసే 'స్పైడర్' పద్ధతి మాత్రం నెలకోసారి వాడతాను, ఏమీ దించుకోకుండా తట్టి చూసి వస్తుంది.

పెద్దమ్మ వంటల్ని ఇప్పుడు సొంత డొమైన్‌లో పెట్టాను. ఎవరెవరు వచ్చారో రాసుకునే సర్వర్ లాగ్ చూస్తే మనుషులకన్నా బాట్‌లే (క్రాలర్లలాంటి ప్రోగ్రాంలే) ఎక్కువ. 2023 నుంచి ఏఐ కంపెనీల బాట్‌లూ కలిశాయి. పేరు చెప్పుకుని వచ్చేవాటితో నాకు పేచీ లేదు. ఒకటి మాత్రం బ్రౌజర్ వేషంలో వచ్చి రాత్రంతా ఆవకాయ పేజీనే తెరుస్తూ కూర్చుంది. 2012లో ఆ పత్రిక ఎడిటర్ గారి లాగ్‌లో నేనూ ఇలాగే కనిపించి ఉంటాను.

పాత కాపీ ఇంకా దాచాను. అందులో సందర్శకుల కౌంటర్ బొమ్మ కూడా వచ్చింది. 4,112 దగ్గర ఆగి ఉంది.